ఊరికి డాక్టరు ఎంత దూరం? వైద్యం డబ్బు ఏ ప్రాంతానికి ఎంత పంచాలన్న చర్చ

తీరం_కవిటి (ఆదివారం, రాత్రి 8:15)

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి మండలంలో చిన్న ఊరు, ఇంటి చుట్టూ కొబ్బరి, జీడి తోటలు. నాన్నకు కిడ్నీలు పాడయ్యాయి. ఆరేళ్లు దాటింది. వారానికి మూడుసార్లు డయాలసిస్, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు మంచం మీదే.

డయాలసిస్ వాళ్లకి చేతిలో చిన్న ఆపరేషన్ చేసి రెండు రక్తనాళాలు కలుపుతారు, దాన్ని ఫిస్టులా అంటారు. అక్కడ వేలు పెడితే లోపల జుమ్మని అదురు తెలుస్తుంది. నాన్న పొద్దున్నే లేచి మొహం కూడా కడుక్కోకముందే ఎడమ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. చప్పుడు వినిపిస్తే లేచి బయటికి వచ్చేవాడు. 2022లో వానాకాలం ఒక రోజు ఆ చప్పుడు లేదు. అమ్మ వేలు పెట్టి చూసింది. నేను చూశాను. ఏమీ తెలియలేదు. డయాలసిస్ చేసే చోటికి తీసుకెళ్తే నర్సు స్టెత్ పెట్టి విని, "గడ్డ కట్టేసింది, దీన్ని చూసేవాళ్లు ఇక్కడ లేరు, వైజాగ్ తీసుకెళ్లిపోండి, ఆలస్యం చేయకండి" అంది. వైజాగ్ మాకు రెండు వందల కిలోమీటర్ల పైనే. కారు దొరికేసరికి మధ్యాహ్నం అయింది. చేరేసరికి చీకటి పడింది. అక్కడి డాక్టరు చూసి, ఉదయమే వచ్చుంటే ప్రయత్నం చేసేవాళ్లం, ఇప్పుడు మెడలో గొట్టం వేసి, కుడి చేతికి కొత్త ఫిస్టులా పెట్టాలి అన్నారు.

ఆయన తప్పేం లేదు. నర్సు తప్పూ లేదు. ఆ నర్సు మాకు మంచి మాటే చెప్పింది. దూరం వల్ల నాన్న ఎడమ చేతి ఫిస్టులా పోగొట్టుకున్నాడు.

2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. హిరమండలం రిజర్వాయర్ నుంచి 700 కోట్లతో మంచినీళ్ల పథకం కూడా వచ్చింది. డయాలసిస్ వాళ్లకి పింఛను వస్తోంది. ఇవన్నీ రావడం చాలా పెద్ద విషయం, మా ఊళ్లో ఎవరూ కాదనరు. కానీ మా దగ్గర కిడ్నీ జబ్బుతో మనుషులు పోవడం 1990ల నుంచీ ఉంది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, అన్ని చోట్లా ఇదే కథ. అంతకాలం మా వంతు ఎందుకు రాలేదు? వైద్యానికి డబ్బు పంచేటప్పుడు ఏ కొలత పెట్టుకుని పంచుతారు? తలకింత అనా, జిల్లాకొకటి అనా, లేక జబ్బును చూసా? తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారి_గట్టు (ఆదివారం, రాత్రి 9:02)

తమ్ముడూ, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. మీ నాన్నగారు బాగుండాలి.

నా మాట వేరేలా అనుకోవద్దు. మాది కోనసీమ. మా పెద్దాసుపత్రి కాకినాడలో. అటు రంపచోడవరం ఏజెన్సీ నుంచి, ఇటు సముద్రపు ఒడ్డు నుంచి అందరూ అక్కడికే వస్తారు. ఒక్కో మంచానికి ఇద్దరు బాలింతలు పడుకోవడం నేను కళ్లారా చూశాను. జనం ఎక్కువున్న చోట పడకలు ఎక్కువ ఉండాలి కదా? తలకింత అనేది అన్యాయమైన లెక్కేం కాదు. దూరం ఒక్కటే కొలత పెడితే మా దగ్గర మంచం కింద పడుకునేవాళ్లు ఏమైపోవాలి?

పాడేరు_పాత_ఎంఓ (ఆదివారం, రాత్రి 10:30)

ఏజెన్సీలో పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) మెడికల్ ఆఫీసరుగా పదకొండేళ్లు చేశాను. ఇప్పుడు రిటైరయ్యాను. కవిటి బాబు అడిగిన ప్రశ్నకి కొంత జవాబు చెప్పగలను.

మన దేశంలో పీహెచ్‌సీకి ప్రమాణం మైదానంలో 30 వేల జనాభాకి ఒకటి, కొండ ప్రాంతం, గిరిజన ప్రాంతం అయితే 20 వేలకి ఒకటి. పీహెచ్‌సీ కింద ఉండే చిన్న ఆరోగ్య కేంద్రం, అంటే సబ్‌సెంటర్, మైదానంలో 5 వేలకి, కొండల్లో 3 వేలకి. అంటే కొండకి మూడో వంతు, అయిదింట రెండు వంతులు రాయితీ ఇచ్చారు. కాగితం మీద ఉదారంగానే కనిపిస్తుంది. గోదారి గట్టు గారి ఊళ్లో 5 వేల మంది ఒక రోడ్డుకి అటూ ఇటూ ఉంటారు. నా పీహెచ్‌సీ కింద ఒక్క సబ్‌సెంటర్‌కి చెందిన 3 వేల మంది ముప్పై గూడేల్లో ఉండేవారు. రెండు గూడేల మధ్య గెడ్డ (వాగు). వాన పడితే గెడ్డ దాటలేం. వాన ఆగాక కూడా రెండు మూడు గంటలు గెడ్డ ఒడ్డున నిలబడాల్సిందే.

ఒక ఆగస్టులో రాత్రి డోలీలో ఒక గర్భిణిని తెచ్చారు. కర్రకి చీర కట్టి, నలుగురు మార్చి మార్చి మోసుకొచ్చారు. మోసినవాళ్లలో ఒకడు ఆమె భర్త. అతని భుజం కర్ర రాసుకుని తోలు లేచిపోయింది. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. నా దగ్గర సిజేరియన్ చేసే వసతి లేదు, మత్తు డాక్టరు లేడు, రక్తం లేదు. సెలైన్ పెట్టి, కిందికి పంపాను. తల్లి బతికింది. బిడ్డ బతకలేదు.

2022లో అల్లూరి జిల్లా ఏర్పడినప్పుడు దాని విస్తీర్ణం 12 వేల చదరపు కిలోమీటర్లు దాటింది, జనాభా పదిలక్షల లోపు. తలకింత అన్న లెక్కతో ఆ జిల్లాకి డబ్బిస్తే ఆ డబ్బంతా డీజిల్‌కే అయిపోతుంది. కిలోమీటరుకు ఖర్చు ఉంటుందని లెక్క వేసేవాళ్లకి తెలియదు అనను, తెలుసు. కేంద్రమే కొన్ని కొండ జిల్లాలకి, ఎడారి జిల్లాలకి "ఊరి నుంచి అరగంట నడకలో సబ్‌సెంటర్" అన్న ప్రమాణం ఒప్పుకుంది. నా మటుకు నాకు అన్నిటికన్నా న్యాయమైన కొలత అదే. ఎంతమందికి ఒకటి అని కాదు, ఎంతసేపట్లో అందుతుంది అని. అది కొన్ని జిల్లాలకే ఎందుకు?

ఆదిలాబాద్_ఆశ (సోమవారం, ఉదయం 6:10)

డాక్టర్ సార్ చెప్పింది నిజం. నేను ఉట్నూరు దిక్కు ఆశ కార్యకర్తను. వెయ్యి మందికి ఒక ఆశ అంటరు. నాకు వెయ్యి మంది లేరు, ఆరు వందల చిల్లర ఉన్నరు. కానీ నాలుగు గూడేలు. వేరే ఊళ్లో ఆశ ఒక పూటలో ఇళ్లన్నీ తిరుగుతది, నాకు రెండు రోజులు పడుతది. డబ్బులు మాత్రం పనికి ఇంత అని. నడిచినదానికి ఎవరూ ఇయ్యరు.

మా దగ్గర పెద్ద జబ్బు వస్తే హైదరాబాద్ మూడు వందల కిలోమీటర్లు. నాగపూర్ దగ్గర, యవత్మాల్ దగ్గర. అందుకే మస్తుమంది మహారాష్ట్రకే పోతరు. అక్కడ చాలా దవాఖానల్ల మన కార్డు నడవదు, పైసలు కట్టాలె. ఆవు అమ్మినోళ్లు ఉన్నరు, చేను కుదువ పెట్టినోళ్లు ఉన్నరు.

తీరం_కవిటి (సోమవారం, ఉదయం 7:45)

అక్కా, మా ఇచ్ఛాపురం వాళ్లదీ అదే పరిస్థితి! బరంపురం పాతిక కిలోమీటర్లు. అక్కడ పెద్ద మెడికల్ కాలేజీ ఉంది. ఒడిశా అయినా మాకు అదే దగ్గర, బంధువులు కూడా అటు వైపు ఉన్నారు. కానీ ఇటు ఆరోగ్యశ్రీ, అటు వాళ్ల పథకం. రాష్ట్రాల హద్దులు మ్యాపులో గీశారు, రోగం వచ్చినవాడు మాత్రం ఏ ఆసుపత్రి దగ్గరైతే అటే వెళ్తాడు.

సీమబిడ్డ_కర్నూలు (సోమవారం, మధ్యాహ్నం 1:20)

హద్దుల మాట వచ్చింది కాబట్టి నేను చెప్పాల్సింది చెప్తాను.

2021 మే నెల గుర్తుందా? కోవిడ్ రెండో దశ. కర్నూలు నుంచి హైదరాబాద్ వెళ్లే అంబులెన్సులను సరిహద్దులో పుల్లూరు టోల్‌గేట్ దగ్గర తెలంగాణ పోలీసులు ఆపారు. హైదరాబాద్ ఆసుపత్రి నుంచి ముందే అనుమతి ఉంటేనే రావాలన్నారు. ఆక్సిజన్ పెట్టుకున్న మనుషులు రోడ్డు మీద ఉండిపోయారు. తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. కోర్టు మంచి పని చేసింది, ఆ మాట మనస్ఫూర్తిగా చెప్తున్నా. కానీ నాకు ఆ రోజుల్లో కలిగిన బాధ వేరు. నిమ్స్, ఉస్మానియా, గాంధీ, నీలోఫర్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, అన్నీ ఒకే నగరంలో పెరిగాయి. ఉమ్మడి రాష్ట్రంలో దశాబ్దాల పాటు అందరి పన్నులతో పెరిగాయి. రాష్ట్రం విడిపోయాక ఆ ఆసుపత్రులు అక్కడే ఉన్నాయి, మా రోగాలు మాతో వచ్చాయి.

సరే, కొత్త రాష్ట్రంలోనైనా పంపకం సరిగ్గా జరుగుతుందనుకున్నాం. ఎయిమ్స్ మంగళగిరిలో పెట్టారు. ఒక పక్క గుంటూరు పెద్దాసుపత్రి, మరో పక్క విజయవాడ పెద్దాసుపత్రి, వాటి మధ్యలో ఎయిమ్స్. కర్నూలు నుంచి మంగళగిరికి మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. 1937లో మద్రాసు శ్రీబాగ్ ఒప్పందంలో కోస్తా నాయకులు సీమకి మాటిచ్చినప్పటి నుంచీ ఇదే చూస్తున్నాం. అనంతపురంవాళ్లు బెంగళూరు వెళ్తారు, చిత్తూరువాళ్లు వేలూరు వెళ్తారు, మేము హైదరాబాద్ వెళ్తాం. మా ప్రాంతం రోగులు మూడు పొరుగు రాష్ట్రాల నగరాల మధ్య తిరుగుతున్నారు.

ఇంకోటి కూడా చెప్పాలి, లేకపోతే నాకే అన్యాయంగా ఉంటుంది. కర్నూలు పెద్దాసుపత్రికి గద్వాల నుంచి, రాయచూరు నుంచి, బళ్లారి నుంచి కూడా వస్తారు. ఎవరినీ వెనక్కి పంపం. పంపకూడదు కూడా.

భాగ్యనగర్_99 (సోమవారం, సాయంత్రం 5:55)

సీమన్నా, 2021లో అక్కడ జరిగింది తప్పు. నేను హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగాను, ఆ వార్తలు చూసి సిగ్గుపడ్డాను.

కానీ నగరంలో ఉన్నవాళ్లందరికీ వైద్యం అందుతోందనుకోకండి. మా అమ్మ పాతబస్తీలో ఇళ్లలో పనిచేసేది. బీపీ మాత్రలకి ఒక పూట పని మానుకుని పెద్దాసుపత్రిలో లైన్లో నిలబడేది. ఓపీ చీటీకి ఒక లైను, డాక్టరుకి ఒక లైను, మందులకి ఒక లైను. ఆసుపత్రి మూడు కిలోమీటర్లే. కానీ అమ్మకి ఒక రోజు కూలి పోయేది. 2018లో బస్తీ దవాఖానాలు వచ్చాక ఆ బాధ తగ్గింది, నడిచి వెళ్లి నడిచి వస్తోంది. డాక్టర్ గారు చెప్పిన "ఎంతసేపట్లో అందుతుంది" అన్న కొలత నగరానికీ పెట్టండి. లైన్లో నిలబడ్డ సమయం కూడా కలిపి లెక్కేయండి. అప్పుడు గోదారి గట్టు గారి మంచం బాధ కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

గోదారి_గట్టు (సోమవారం, సాయంత్రం 6:30)

ఈ మాట ఒప్పుకుంటాను. నేను దూరం ఒక్కటే అనుకున్నాను. ఇలా అయితే సరే.

లెక్కల_మాస్టారు (సోమవారం, రాత్రి 9:40)

పదవీ విరమణ పొందిన ఆర్థికశాస్త్రం లెక్చరర్ని. డబ్బు పంచే సూత్రం ఎలా ఉంటుందో నాకు తెలిసినంతలో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

కేంద్రం పన్నుల్లో రాష్ట్రాల వాటా 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి 41 శాతంగా పెట్టింది. దాన్ని రాష్ట్రాల మధ్య పంచడానికి జనాభాకి 15 శాతం, వైశాల్యానికి 15, అడవులకీ పర్యావరణానికీ 10, జనాభా అదుపు చేసినందుకు 12.5, పన్ను వసూలు ప్రయత్నానికి 2.5, ఆదాయంలో వెనకబాటుకి 45 శాతం బరువు ఇచ్చింది. ఆ లెక్కన ఆంధ్రప్రదేశ్‌కి 4.047 శాతం, తెలంగాణకి 2.102 శాతం వచ్చింది. దక్షిణాదికి అన్యాయం జరుగుతోందని మనం గట్టిగా మాట్లాడతాం. మాట్లాడాలి కూడా. 1971 జనాభా బదులు 2011 జనాభా తీసుకుంటే కుటుంబ నియంత్రణ పాటించినవాళ్లకి దెబ్బ తగలడం నిజం.

కానీ ఒక విషయం గమనించండి. దిల్లీ నుంచి రాష్ట్రానికి వచ్చేటప్పుడైనా ఒక సూత్రం ఉంది. దాన్ని ప్రశ్నించొచ్చు, ఏ బరువు ఎంతో మార్చమని అడగొచ్చు. రాష్ట్ర రాజధాని నుంచి కవిటికి, ఉట్నూరుకి, ఆదోనికి వచ్చేటప్పుడు మన ముందు అలాంటి సూత్రమే ఉండదు. ఏ జిల్లాకి వైద్యానికి తలకి ఎంత ఖర్చయింది అని ఒక్క పేజీలో చూపే కాగితం మీలో ఎవరైనా చూశారా? కేంద్రాన్ని అడిగే న్యాయం మన ఇంట్లో కూడా పాటించాలని నా అభిప్రాయం. పెద్దకొడుకు వాటా కోసం కోర్టుకి వెళ్లి, ఇంట్లో చెల్లెలికి గిన్నె అన్నం తక్కువ పెట్టకూడదు.

రెండోది ఆరోగ్యశ్రీ. 2007లో మొదలైంది. మొదట తీసుకున్న మూడు జిల్లాలు అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. అంటే వెనకబడిన జిల్లాలనే ముందు పెట్టారు, ఆలోచన గొప్పది. లక్షల ప్రాణాలు నిలిపింది. కానీ ఆ పథకంలో డబ్బు రోగి వెంట నడుస్తుంది, రోగి ఆసుపత్రి ఉన్న చోటికి నడుస్తాడు. గుండె ఆపరేషన్ చేసే ఆసుపత్రి హైదరాబాద్‌లోనో విశాఖలోనో విజయవాడలోనో ఉంటే శ్రీకాకుళం రోగి పేరు మీద వచ్చిన డబ్బు అక్కడే ఖర్చవుతుంది, అక్కడే కొత్త పడకలు లేస్తాయి. శ్రీకాకుళంలో ఆసుపత్రి పుట్టడానికి ఆ డబ్బు ఉపయోగపడదు. పథకాన్ని తప్పు పట్టడం లేదు. కార్డు ఇచ్చి ఊరుకుంటే ప్రాంతాల మధ్య తేడా పూడదు అని మాత్రమే అంటున్నాను.

పీజీ_రెండో_ఏడాది (సోమవారం, రాత్రి 11:50)

డ్యూటీ నుంచి ఇప్పుడే వచ్చాను, నిద్ర రావడం లేదు.

అందరూ భవనాల గురించి మాట్లాడుతున్నారు. నేను మనుషుల గురించి చెప్తాను. తెలంగాణ వచ్చినప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు అయిదు. ఇప్పుడు 30 దాటాయి. జిల్లాకొకటి. ఆంధ్రలో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల, ఆ తర్వాత 2024లో పాడేరు. కాలేజీ వస్తే దానికి ఆసుపత్రి ఉండాలి, దానికి స్పెషలిస్టులు ఉండాలి, అందుకే జిల్లాకి మేలు. నేను నమ్ముతాను. కానీ ఎన్ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) 2025లో తెలంగాణలో చాలా ప్రభుత్వ కాలేజీలకి లోపాల మీద నోటీసులిచ్చింది. ముఖ్యమైనది టీచింగ్ ఫ్యాకల్టీ కొరత. గోడలు ఏడాదిలో లేస్తాయి. ప్రొఫెసర్ తయారవడానికి పదిహేనేళ్లు పడుతుంది.

నేను పీజీకి ముందు ఒక మారుమూల ఆసుపత్రిలో చేశాను. పేరెందుకులెండి. సర్జన్ ఉన్నాడు, మత్తు డాక్టరు లేడు. ఆ సర్జన్ ఏడాది పాటు గడ్డలు కోసి కట్లు కట్టాడు. మత్తు డాక్టరు వచ్చాక రక్తనిధి లేదు. రక్తనిధి వచ్చేసరికి సర్జన్ బదిలీ అయిపోయాడు. ఇద్దరికీ జీతాలు ఇచ్చారు, జిల్లా లెక్కల్లో ఇద్దరు డాక్టర్లూ ఉన్నట్టే. ఆపరేషన్లు మాత్రం జరగలేదు. క్వార్టర్స్‌కి రాత్రి కరెంటు ఉండేది కాదు, నాతో ఉన్న లేడీ డాక్టరు లోపల గడియ పెట్టుకుని, కుర్చీ తలుపుకి అడ్డం వేసి పడుకునేది. ఆమె మూడు నెలలకి వెళ్లిపోయింది. నేను ఆమెని ఎప్పుడూ తప్పు పట్టలేదు.

డాక్టర్లు పల్లెకి వెళ్లరు అని అందరూ అంటారు. పీహెచ్‌సీలో చేసినవాళ్లకి పీజీలో ఇన్‌సర్వీస్ కోటా అనేది ఒకటుంది. ఏజెన్సీకి వెళ్లడానికి చాలామందిని ఒప్పించేది అదే. ఆ కోటా తగ్గించినప్పుడు ఆంధ్రలో పీహెచ్‌సీ డాక్టర్లు ఆందోళనకి దిగారు. బయట చూసేవాళ్లకి అది సీట్ల గొడవలా కనిపించింది. నాకు మాత్రం అది మారుమూల ఊళ్లకి డాక్టరు వెళ్లే ఒక్క దారినీ మూసేస్తున్నట్టు అనిపించింది.

ఆదిలాబాద్_ఆశ (మంగళవారం, ఉదయం 6:20)

డాక్టర్ బాబూ, నువ్వు చెప్పింది అర్థమైంది. కానీ సగం మంది డాక్టర్లున్న కాలేజీ అయినా మాకు అక్కరకే వచ్చింది. ముందు పాము కరిచినోళ్లను తీస్కపోతే ఎటు పంపాల్నో తెల్వకపోయేది. ఇప్పుడు జిల్లాలనే చూస్తున్నరు. నిండా లేదని ఉన్నదాన్ని మూసెయ్యమని మాత్రం ఎవరూ అనొద్దు.

పీజీ_రెండో_ఏడాది (మంగళవారం, ఉదయం 7:05)

లేదక్కా, మూసెయ్యమని కాదు. నింపమని. మీరన్నది నూటికి నూరుపాళ్లు సరి.

నిర్వాహకులు (మంగళవారం, ఉదయం 10:00)

కాలేజీల మీద ఏ పార్టీ ఏం చేసిందన్న పోస్టులు నాలుగు తీసేశాం. ఎవరి మీదా కోపంతో కాదు. ఈ చర్చ మంచి దారిలో వెళ్తోంది, దాన్ని కాపాడుకుందాం.

యార్క్‌షైర్_తెలుగు (మంగళవారం, మధ్యాహ్నం 3:30)

గుంటూరులో చదివి ఇరవై రెండేళ్లుగా ఇంగ్లండ్ ఉత్తరాన ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థలో, పనిచేస్తున్నాను. మాస్టారి పోస్టు చదివాక ఇది రాయాలనిపించింది.

ఎన్‌హెచ్‌ఎస్ 1948లో మొదలైంది. దేశమంతా ఒకే వ్యవస్థ, ఒకే ఖజానా. అయినా పాతికేళ్ల తర్వాత చూస్తే లండన్ చుట్టుపక్కలకి ఎక్కువ డబ్బు, గనులూ మిల్లులూ ఉన్న ఉత్తరానికి తక్కువ డబ్బు వెళ్తోంది. కారణం చాలా మామూలుది. నిరుడు ఎవరికి ఎంత ఇచ్చారో ఈ ఏడు దానికి కొంచెం కలిపి ఇచ్చేవారు. పెద్ద ఆసుపత్రులు ముందే లండన్‌లో ఉన్నాయి కాబట్టి డబ్బూ అక్కడికే వెళ్లేది. సీమ సోదరుడు హైదరాబాద్ గురించి చెప్పింది చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.

1976లో ఒక కమిటీ కొత్త సూత్రం ఇచ్చింది. జనాభా తీసుకో, అందులో ముసలివాళ్లెంతమంది, పసివాళ్లెంతమంది చూడు, ఆపైన ఆ ప్రాంతంలో చావులు దేశ సగటు కన్నా ఎంత ఎక్కువో చూసి ఆ మేరకు వాటా పెంచు అని. చావులు ఎక్కువున్న చోటికి డబ్బు ఎక్కువ. లండన్‌కి ఒక్కసారిగా కోత పెట్టలేదు, దాని పెరుగుదల తగ్గించి మిగతావాళ్లది పెంచుకుంటూ వచ్చారు. గొడవలు చాలా జరిగాయి, సూత్రం ఎన్నోసార్లు మార్చారు, ఇప్పటికీ ఉత్తరానికి దక్షిణానికి తేడా పోలేదు. కానీ లెక్క బయట ఉంది. మా ఊరికి ఎంత రావాలి, ఎంత వచ్చింది అని నేను అడగగలను.

ఇలాంటిది మన జిల్లాలకి పెడితే ఉద్దానానికి 1990ల్లోనే డబ్బు వచ్చేది అనిపిస్తోంది.

పాడేరు_పాత_ఎంఓ (మంగళవారం, సాయంత్రం 7:15)

డాక్టర్ గారూ, సూత్రం బాగుంది. కానీ ఒక అడ్డంకి ఉంది. నేను పనిచేసిన చోట చావుని ఎవరు లెక్కపెట్టారు? దేశం మొత్తంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసిచ్చేవి నాలుగో వంతు కూడా ఉండవు. గూడెంలో మనిషి పోతే అదే రోజు దహనమో ఖననమో చేసేస్తారు. "జ్వరం వచ్చి పోయాడు" అంటారు. మలేరియానా, సికిల్ సెల్ అనే రక్తం జబ్బా, కడుపులో పుండా, ఎవరికీ తెలియదు. డాక్టరు లేని చోట రోగం పేరు ఉండదు. రోగం పేరు లేకపోతే కాగితం మీద ఆ చోటు ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చోటికి డబ్బు ఎందుకు అంటారు.

ఇది నన్ను ఎప్పటి నుంచో వేధిస్తున్న విషయం. ఉద్దానంలో కూడా ఇదే జరిగి ఉంటుంది. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష చేసేవాళ్లు వచ్చాకే కదా జబ్బు అందరికీ కనిపించింది?

తీరం_కవిటి (మంగళవారం, రాత్రి 8:50)

అవును సార్. మా తాత కూడా ఇలాగే పోయాడు. కాళ్లు వాచాయి, మొహం వాచింది, తిండి సయించలేదు. ఊళ్లో "నీరు పట్టింది" అన్నారు. ఎవరూ పరీక్ష చేయలేదు. ఇప్పుడు ఆలోచిస్తే అది కిడ్నీయే అనిపిస్తుంది. ఆయన పేరు ఏ లెక్కలోనూ లేదు. నీళ్లలో సిలికా అంటున్నారు, పురుగుమందులంటున్నారు, ఎండలో చెమటోడ్చి నీళ్లు తాగకపోవడం అంటున్నారు, నొప్పి మాత్రలు అంటున్నారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇదీ అని తేల్చిన మాట మాకు అందలేదు. పరిశోధన కూడా ఒక పంపకమే కదా. అది కూడా మాకు ఆలస్యంగానే అందింది.

లెక్కల_మాస్టారు (మంగళవారం, రాత్రి 9:30)

బాబూ, ఈ ఒక్క మాటతో నా పోస్టులో లోపం నాకే కనిపించింది. నేను సూత్రం బయటపెట్టమన్నాను. ఆ సూత్రంలో వేసే అంకె ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేదు.

ఇలాగే ఇంకోటి ఉంది. ఎన్ఎంసీ 2023 ఆగస్టులో 10 లక్షల జనాభాకి 100 ఎంబీబీఎస్ సీట్లకి మించి ఏ రాష్ట్రంలోనూ పెంచకూడదంది. దక్షిణాది రాష్ట్రాలు గట్టిగా వ్యతిరేకిస్తే వాయిదా వేశారు. ఉద్దేశం ఉత్తరాదికి కూడా కాలేజీలు రావాలని. బిహార్‌లో బిడ్డకి డాక్టరు దొరకాలి, అందులో రెండో మాట లేదు. కానీ రాష్ట్రం మొత్తానికి ఒక అంకె వేసేసరికి హైదరాబాద్ సీట్లూ కలిపి లెక్కేసి ఆసిఫాబాద్‌కి చాలు అన్నట్టయింది. సగటులో మారుమూల ఊరు మునిగిపోతుంది. అందుకే నేనూ పాడేరు డాక్టర్ గారి వైపే వస్తున్నాను. ఊరి నుంచి ఎంతసేపు అన్నది కొలవడానికి చావు సర్టిఫికెట్ అక్కర్లేదు. గడియారం ఉంటే చాలు.

సీమబిడ్డ_కర్నూలు (మంగళవారం, రాత్రి 10:10)

మాస్టారూ, అయితే మనమే కొలిస్తే?

గోదారి_గట్టు (మంగళవారం, రాత్రి 10:25)

వెళ్లిన సమయం ఒక్కటే కాదు, తిరిగొచ్చిన సమయం కూడా రాయండి. 108 తీసుకెళ్తుంది, 2005 నుంచీ ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో. కానీ తిరిగి ఇంటికి తెచ్చేది ప్రసవానికి వెళ్లిన తల్లుల్నే, అదీ వేరే బండిలో. మిగతావాళ్లు బస్టాండులో కూర్చోవాల్సిందే. కుట్లతో బస్సెక్కిన ముసలావిడకి నేను నా సీటు ఇచ్చాను, అమలాపురం దాకా ఆమె చెయ్యి కడుపు మీద నుంచి తీయలేదు.

తీరం_కవిటి (శనివారం, రాత్రి 9:05)

నాలుగు రోజులు రాయలేదు, క్షమించండి. సీమన్న మాట పట్టుకుని ఒక పని మొదలుపెట్టాను.

వంద పేజీల నోటుబుక్కు కొన్నాను. మా ఊళ్లోనూ పక్కూళ్లోనూ డయాలసిస్‌కి వెళ్లేవాళ్ల ఇళ్లకి వెళ్లి నాలుగే అడుగుతున్నాను. ఇంటి నుంచి ఎప్పుడు బయల్దేరారు, మంచం మీద ఎప్పుడు పడుకున్నారు, ఇంటికి ఎప్పుడు చేరారు, ఆ రోజు కిరాయి ఎంత. ఇప్పటికి పద్నాలుగు ఇళ్లయ్యాయి. ఒక ఇంట్లో అత్తా కోడలూ ఇద్దరూ వెళ్తున్నారు, వేరే వేరే రోజుల్లో. వాళ్లకి వారంలో ఆరు రోజులు ఆటో ఖర్చు. ఒకాయన "ఇదంతా రాసి ఏం చేస్తావురా" అని అడిగి, నేను జవాబు చెప్పేలోగా తనే లోపలికి వెళ్లి పాత బస్సు టికెట్లు తెచ్చి ఇచ్చాడు. సంచి నిండా ఉన్నాయి. ఎందుకు దాచాడో ఆయనకీ తెలియదట.

ముప్పై ఇళ్లు పూర్తయ్యాక సోమవారం కలెక్టరేట్‌లో అర్జీతో పాటు ఇస్తాను. ఆశ అక్కా, మీరు కూడా మీ గూడేల్లో రాస్తే ఒకే నమూనాలో రాద్దాం. మాస్టారూ, పట్టిక ఎలా గీయాలో చెప్పండి.

మొదటి పేజీ నాన్నది. ఈ పొద్దున్న కుడి చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని విని, "బాగానే ఉంది" అని, నన్ను పిలిచి రాయించాడు. 2022లో వైజాగ్ వెళ్లిన రోజు కూడా రాయమన్నాడు. నాకు గంటలు సరిగ్గా గుర్తు లేవన్నాను. ఆయనకి గుర్తున్నాయి. మధ్యాహ్నం పన్నెండున్నరకి కారెక్కాం, రణస్థలం దగ్గర వాన, సాయంత్రం ఆరుంబావుకి దిగాం. అలాగే రాశాను.

ఆదిలాబాద్_ఆశ (ఆదివారం, ఉదయం 5:50)

తమ్ముడూ, నీ పేజీ ఫొటో తీసి ఇక్కడ పెట్టు. పేర్లు కనిపించకుండ తీయి. ఇయ్యాల రెండు గూడేలకు పోతున్న, రాసుకొస్త.